ఏ పచ్చ?

రక్తాన్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషన్ తిరిగి ఆగాక ట్యూబు బయటికి తీస్తే రక్తం రెండుగా విడిపోయి ఉంటుంది. అడుగున ఎర్రటి గడ్డ, పైన తేటగా సీరమ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళదైతే ఆ తేట ఎండుగడ్డి రంగులో ఉంటుంది. కొందరిది పనసతొన రంగులో ఉంటుంది. ఇంకొందరిది ముదిరి ముదిరి నువ్వులనూనెలా కనిపిస్తుంది. హైదరాబాదులో మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు ల్యాబుల్లో 28 ఏళ్ళు ఈ రంగుని చూస్తూ పనిచేశాను. మిషన్ అంకె చెప్పకముందే, ట్యూబుని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే ఇంచుమించు ఎంత ఉంటుందో నాకు తెలిసిపోయేది. ఆ రంగు పేరు బిలిరుబిన్.

ఈ 28 ఏళ్ళలో కౌంటర్ దగ్గర కొన్ని వేల మంది నన్ను "బిలిరుబిన్ ఎంతుందమ్మా?" అని అడిగారు. "ఏ బిలిరుబిన్ పెరిగిందమ్మా?" అని ఒక్కరూ అడగలేదు. అసలు అడగాల్సింది ఆ రెండో ప్రశ్న. అది అడగడం మనకెవరూ నేర్పకపోవడం వల్ల మా ఇంట్లోనే రెండుసార్లు నష్టం జరిగింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మాట సంగతి. లాటిన్‌లో బిలిస్ అంటే పైత్యరసం, రూబర్ అంటే ఎరుపు. 1864లో స్టాడెలర్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ రెండూ కలిపి బిలిరుబిన్ అని పేరు పెట్టాడు. దీనికి తోబుట్టువు లాంటి రంగు ఇంకొకటి ఉంది. అది ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి బిలివర్డిన్. మన ఇంటర్ పుస్తకాల్లో వీటిని బైలిరూబిన్, బైలివర్డిన్ అని రాసి, పైత్యరస వర్ణకాలు అన్నారు. మార్కులకి పనికొచ్చింది, మందుల షాపు దగ్గర పనికిరాలేదు.

కానీ తెలుగుకి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. మనం పసుపునీ పచ్చ అంటాం, ఆకునీ పచ్చ అంటాం. పసుపుపచ్చ, ఆకుపచ్చ. చిన్నప్పుడు ఇదేం గందరగోళం అనుకునేదాన్ని. ల్యాబులో చేరాక మాత్రం ఒంట్లో జరిగేదానికి ఇంత దగ్గరి మాట ఇంకొకటి లేదనిపించింది. మంచం కోడు తగిలి పిక్క కమిలిందనుకోండి. మొదట నల్లగా ఉంటుంది, నాలుగు రోజులకి ఆకుపచ్చగా తిరుగుతుంది, వారం దాటాక పసుపుపచ్చగా వెలుస్తుంది. చర్మం కింద చిక్కుకున్న రక్తంలో, దానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం ముందు బిలివర్డిన్‌గానూ, తర్వాత బిలిరుబిన్‌గానూ మారుతున్న వరస అది. ఒక పచ్చ ఇంకో పచ్చగా మారడం. చికెన్ షాపు అతను కార్జాన్ని అంటుకుని ఉన్న చేదు సంచిని పగలకుండా ఎంత జాగ్రత్తగా తీస్తాడో చూసే ఉంటారు. అందులో రసం చిక్కటి ఆకుపచ్చగా ఉంటుంది. కోడి ఒంట్లో ఆ మార్పు చాలావరకు మొదటి పచ్చ దగ్గరే ఆగిపోతుంది.

మా నల్గొండ వైపు జబ్బుని పసిరికలు అంటారు. కోస్తా వాళ్ళు పచ్చకామెర్లు అంటారు. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్ళు యర్కాన్ అనేవారు, బిహార్ నుంచి పనికొచ్చిన పిల్లలు పీలియా అనేవారు. మూడు భాషల్లో నాలుగు పేర్లతో వచ్చి అందరూ ఒకే ఇంగ్లిషు కాగితం పట్టుకుని వెళ్ళిపోయేవారు. ఈ ఊళ్ళో ఇలా ఉండాల్సిన పని లేదు. 1917లో నిజాం ప్రభుత్వం శాస్త్ర పుస్తకాల తర్జుమాకే దారుల్ తర్జుమా అనే సంస్థ పెట్టింది. మరుసటి ఏడు మొదలైన ఉస్మానియాలో డాక్టరీ చదువు కూడా ఉర్దూలో చెప్పారు. వైద్యాన్ని ఇక్కడి భాషలో చెప్పడం ఈ ఊరికి కొత్త కాదు.

ఇప్పుడు ఆ రంగు ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలి. ఇది తెలియకపోతే ఏ పచ్చ అన్న ప్రశ్నకి అర్థమే ఉండదు.

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలిదైన కణాన్ని ఎక్కువగా ప్లీహం (స్ప్లీన్) పట్టి విరగ్గొడుతుంది. అందులోని హీమ్ తెగినప్పుడు ఇనుము విడిపోతుంది, దాన్ని ఒళ్ళు దాచుకుంటుంది. మిగిలింది బిలివర్డిన్ అయి, వెంటనే బిలిరుబిన్ అవుతుంది. పెద్దవాళ్ళ ఒంట్లో రోజుకి 250 నుంచి 300 మిల్లీగ్రాములు ఇలా తయారవుతూనే ఉంటుంది. అంటే బిలిరుబిన్ విషమూ కాదు, జబ్బూ కాదు. ఈ వాక్యం చదువుతున్న మీలోనూ ఉంది. అయితే అలా పుట్టిన బిలిరుబిన్ నీళ్ళలో కరగదు. అల్బుమిన్ అనే ప్రొటీన్ వీపునెక్కి కాలేయానికి చేరాలి. అక్కడ ఒక ఎంజైమ్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని అతికిస్తుంది. అప్పుడది నీళ్ళలో కరిగేదై, పైత్యరసంతో పాటు పేగులోకి దిగుతుంది. పేగులో బ్యాక్టీరియా దాన్ని మళ్ళీ మారుస్తాయి. మలానికి ఆ గోధుమ రంగు, మూత్రానికి మామూలుగా ఉండే లేత పసుపు అక్కడి నుంచే వస్తాయి.

కాబట్టి రక్తంలో దొరికే బిలిరుబిన్ రెండు రకాలు. కాలేయం చెయ్యి తగలనిది ఒకటి, చెయ్యి తగిలినది ఇంకొకటి. ఈ పేర్లు నేను పెట్టుకున్నవే. రిపోర్టులో ఉండే పేర్లు వరసగా ఇన్‌డైరెక్ట్, డైరెక్ట్. ఈ రెండు మాటలంటే నాకు ఇప్పటికీ కోపం. వీటికి ఒంటితో ఏ సంబంధమూ లేదు. 1916లో వాన్ డెన్ బెర్గ్ అనే డచ్చి డాక్టరు, సీరమ్‌లో డయాజో ద్రావణం పోస్తే కొన్నిట్లో నేరుగా రంగు వస్తోందనీ, కొన్నిట్లో ఆల్కహాల్ కలిపితేనే వస్తోందనీ గమనించాడు. నేరుగా వచ్చినదానికి డైరెక్ట్ అని పేరు పడింది. అది ట్యూబులో జరిగిన సంగతి. నూరేళ్ళు దాటినా అదే పేరు రోగి చేతికిచ్చి పంపుతున్నాం. ఇంకొకటి కూడా చెప్పాలి. మామూలు ల్యాబుల్లో ఇన్‌డైరెక్ట్‌ని ఎవరూ కొలవరు. టోటల్‌లోంచి డైరెక్ట్‌ని తీసేసి మిగిలింది రాస్తారు. డెసీలీటరుకి మిల్లీగ్రాముల లెక్కలో మొత్తం 1.2 లోపు, డైరెక్ట్ 0.3 లోపు ఉంటే మామూలు అనుకోవచ్చు, ల్యాబుని బట్టి కొంచెం అటూ ఇటూ. మొత్తం రెండు, మూడు దాటాకే కంట్లో తెల్లగుడ్డు పచ్చబడినట్టు పైకి తెలుస్తుంది.

చెయ్యి తగలనిది పెరిగితే కాలేయానికి ముందే ఏదో జరుగుతోందని, లేదా కాలేయం దగ్గర ఆ అతికించే పని నెమ్మదించిందని అర్థం. కణాలు ఎక్కువగా విరుగుతుండొచ్చు. ఇదే ఊళ్ళో, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన మలేరియా పరాన్నజీవి చేసేది అదే, ఎర్రకణాలని పగలగొట్టడం. చెయ్యి తగిలినది పెరిగితే కాలేయం పనిచేసి పంపింది కానీ దారిలో ఏదో అడ్డం పడిందని, లేదా కాలేయమే దెబ్బతిని అది వెనక్కి రక్తంలోకి కారుతోందని అర్థం. ఈ రెండోది నీళ్ళలో కరుగుతుంది కాబట్టి మూత్రంలోకి దిగుతుంది, మూత్రం ముదురు టీ డికాషన్‌లా అవుతుంది. మొదటిది అల్బుమిన్‌ని వదలదు, మూత్రంలోకి రాలేదు. కళ్ళు పచ్చగా ఉండి మూత్రం తేటగా ఉంటే ఒక కథ, కళ్ళు పచ్చగా ఉండి మూత్రం ముదురుగా ఉంటే ఇంకో కథ. దీనికి మిషన్ కూడా అక్కర్లేదు.

మా అక్క కొడుకు సంగతికి వస్తాను. 23 ఏళ్ళవాడు, గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది, చేరేముందు రక్తపరీక్షలు చేయించమన్నారు. వారం రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ముందురోజు మధ్యాహ్నం తర్వాత ఏమీ తినలేదు, పొద్దున్నే వెళ్ళి రక్తం ఇచ్చాడు. సాయంత్రం అక్క ఫోన్.

"చెల్లే, వాడికి పసిరికలయినయంటనే. 2.6 ఉందంట. కండ్లు గూడ జర పచ్చగనే ఉన్నయి."

"డైరెక్ట్ ఎంతుందక్కా?"

"ఏమో, గదంత నాకేం దెల్సు. 2.6 అని నల్లగ అచ్చేసిన్రు, పక్కకు హెచ్ అని పెట్టిన్రు."

నేనప్పుడు మా ఆడపడుచు ఊళ్ళో పెళ్ళిలో ఉన్నాను. రిపోర్టు ఫొటో తీసి పంపమన్నాను, పంపలేదు. తర్వాత తెలిసింది, అప్పటికే బావ వాణ్ణి బైకు మీద ఎక్కించుకుని ఊరి శివార్లలో పసరు పోసే చోటికి తీసుకెళ్ళాడని. ముక్కులో రెండు చుక్కలు వేశారు. తాగడానికి ఆకు పసరు ఇచ్చారు. నూనె లేదు, ఉప్పు లేదు, పప్పు లేదు, పెరుగు వద్దు, చప్పిడి మజ్జిగన్నం రెండు పూటలా అరకడుపుకి. పది రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే 3.4. పథ్యం సరిగ్గా చెయ్యడం లేదని వాణ్ణే తిట్టి, ఆ అన్నం కూడా ఒక పూటకి తగ్గించారు.

నేను వచ్చి చూసేసరికి వాడి బుగ్గలు లోపలికి పోయాయి. మొదటి రిపోర్టు తీసి చూశాను. మొత్తం 2.6, డైరెక్ట్ 0.4. కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అన్నీ మామూలు. హిమోగ్లోబిన్ 15. మూత్రం నీళ్ళలా తేటగా ఉంది. వాణ్ణి తెలిసిన ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్తే పది నిమిషాల్లో తేల్చి చెప్పారు, గిల్బర్ట్ సిండ్రోమ్ అని. 1901లో ఫ్రెంచి డాక్టరు గిల్బర్ట్ రాసిన సంగతి. పుట్టుకతోనే ఆ అతికించే ఎంజైమ్ పని మామూలులో మూడో వంతు దగ్గర ఉంటుంది, అంతే. మందు అక్కర్లేదు, కాలేయం చెడదు. క్యాన్సర్‌కి ఇచ్చే ఇరినోటెకాన్ లాంటి కొన్ని మందులు వాడాల్సి వస్తే మాత్రం డాక్టరుకి ముందే చెప్పుకోవాలి. జ్వరం వచ్చినా, ఒళ్ళు అలిసినా, ముఖ్యంగా కడుపు మాడ్చుకున్నా వీళ్ళలో బిలిరుబిన్ పెరుగుతుంది. అంటే ఆ పది రోజులూ వాడికి పెట్టిన పథ్యమే అంకెని పెంచింది. పెరిగిన అంకెని చూసి ఇంకా మాడ్చారు. అక్క ఏడ్చింది. వారం రోజులు మామూలు అన్నం, కూర, గుడ్డు పెట్టి పరీక్ష చేయిస్తే 1.5కి దిగింది.

పసరుకి పేరు ఎలా వస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడికి వెళ్ళేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. మన దగ్గర కామెర్లలో చాలావరకు కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. వాటిలో ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గే రోజుల్లో చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరు. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి రావచ్చు, ఆ ఇంట్లో మాత్రం పసరు కోసం ఎదురు చూసే టైము ఉండదు. ఎవరికి దానంతట తగ్గుతుందో, ఎవరికి తగ్గదో పసరు పోసే మనిషి చెప్పలేడు. ఆయన చూసేది కళ్ళల్లో పచ్చని. ఏ పచ్చో ఆయనకి కనపడదు.

మా నాన్న సంగతి 1996లో. నేను ల్యాబులో చేరి రెండేళ్ళు కూడా కాలేదు. నాన్నకి ఒళ్ళంతా దురద మొదలైంది, రాత్రిళ్ళు గోకి గోకి చేతులు రక్తాలు. కళ్ళు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. నొప్పి లేదు కదా అని ఊళ్ళో అందరూ ధైర్యం చెప్పారు. ఏడు వారాలు పసరు తాగాడు. మలం మట్టి రంగులో, సున్నం కలిపినట్టు వస్తోందని అమ్మకి చెప్పాడట. పసరు లోపల పనిచేస్తోందని అమ్మ అనుకుంది. నాకెవరూ చెప్పలేదు. ఆడపిల్లకి ఇవన్నీ ఎలా చెప్తారు? హైదరాబాదుకి తీసుకొచ్చాక ఆ శాంపిల్ నేనే తిప్పాను. నువ్వులనూనె రంగు. మొత్తం 11.8, డైరెక్ట్ 9.6. క్లోమం (పాంక్రియాస్) తల దగ్గర గడ్డ పెరిగి పైత్యరసం దిగే గొట్టాన్ని మూసేసింది. బిలిరుబిన్ పేగులోకి దిగడం లేదు కాబట్టే మలానికి రంగు లేదు. మట్టి రంగు మలం అంటే దారి మూసుకుందని అర్థం. ఈ ఒక్క వాక్యం మా ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా ఆ ఏడు వారాలు పోయేవి కావు. గడ్డ తీసే దశ దాటిపోయిందన్నారు. గొట్టంలో స్టెంట్ పెట్టాక దురద తగ్గింది, ఐదు నెలలు ఉన్నాడు.

ఒకాయనకి అన్నం మానిపించి అంకె పెంచాం, ఒకాయనకి దారి మూసుకుంటే పసరు పోశాం. ఇద్దరికీ మేం పెట్టిన పేరు ఒకటే, పసిరికలు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. నేను రక్తం తీసిన వందల మందిలో ఒక్కరూ అలా కనిపిస్తోందని చెప్పలేదు.

పసిపిల్లల విషయంలో ప్రశ్న ఇంకోలా అడగాలి. నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనూ సగం మందికి పైగా మొదటి వారంలో కొంచెం పచ్చబడతారు. వాళ్ళ కాలేయం ఆ అతికించే పని అప్పుడే నేర్చుకుంటుంటుంది. అక్కడ అంకెతో పాటు గంటలు అడగాలి. నాలుగో రోజున 12 ఉంటే నెలలు నిండిన బిడ్డని డాక్టరు చూసి తల్లిపాలు ఎక్కువ పట్టమని ఇంటికి పంపొచ్చు. మొదటి 24 గంటల్లోనే అదే 12 ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకూడదు. చెయ్యి తగలని బిలిరుబిన్ మరీ పెరిగితే పసిబిడ్డ మెదడులో దిగి, జన్మంతా ఉండే నష్టం చేస్తుంది. పొద్దుటి ఎండలో పడుకోబెట్టమని మన పెద్దవాళ్ళు చెప్పేదానికి వెనక నిజం లేకపోలేదు. 1956లో ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, పిల్లలని ఎండకి తిప్పితే ఎండ తగిలినచోట పచ్చ తగ్గి, గుడ్డ కప్పిన చోట అలాగే ఉండటం డాక్టర్లకి చూపించింది. అదే రోజుల్లో అక్కడి ల్యాబులో కిటికీ గట్టు మీద ఎండలో మరిచిపోయిన ట్యూబులో బిలిరుబిన్ అంకె బాగా పడిపోయింది. అలా వచ్చిందే నీలి దీపాల చికిత్స, 1958లో అచ్చయింది. మేం పిల్లల శాంపిల్స్‌కి నల్ల కాగితం చుట్టి పెట్టేది కూడా అందుకే, వెలుతురు తగిలితే అంకె తప్పు చెప్తుంది. కానీ కిటికీలోంచి వచ్చే ఎండకి కొలత లేదు. అసలు అంకె ఎంతో తెలియకుండా ఎండని నమ్ముకోకూడదు. చక్కెర నీళ్ళు, తేనె నాకించి ముర్రుపాలు పిండేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పాలు తక్కువైతే విరేచనం తక్కువ, పేగులోంచి బిలిరుబిన్ మళ్ళీ రక్తంలోకే వెళ్తుంది.

కొలమానం గురించి ఒక మాట, ఎందుకంటే ఈ ఊళ్ళో ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు బయటి దేశంలో ఉన్నారు. మా కాలనీలో ఒకామె రాత్రి పదకొండింటికి తలుపు కొట్టింది. లండన్‌లో ఉన్న కొడుక్కి బిలిరుబిన్ 22 అట. మన లెక్కలో 22 అంటే ఐసీయూ. అక్కడ మైక్రోమోల్స్‌లో రాస్తారు, దాన్ని 17తో భాగించుకోవాలి. 22 అంటే మన 1.3. ఆమె మా గుమ్మంలోనే కూర్చుండిపోయింది, మంచినీళ్ళు ఇచ్చాను.

"అర్థాలు చెప్పడం ల్యాబు పని కాదు, డాక్టరు పని" అని ఓనర్లు అంటారు. నాన్న రిపోర్టు ఇచ్చిన రోజు నాకూ అదే నేర్పారు, "డాక్టరుగారిని కలవండి" అని తప్ప ఇంకో మాట అనకూడదని. ఆ జాగ్రత్తకి కారణం ఉంది, సగం తెలిసి చెప్పే మాట ప్రాణం తీస్తుంది. కానీ మనుషులు రిపోర్టు పట్టుకుని ఎటు వెళ్తున్నారో కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలుసు. ఆ కాగితం డాక్టరు కంటే ముందు చుట్టాల వాట్సాప్‌కి చేరుతోంది. నిర్ధారణ డాక్టరే చెయ్యాలి. ఎవరు ఆగకుండా పరిగెత్తాలో, ఎవరు కంగారు పడకుండా మెల్లగా వెళ్ళొచ్చో తెలుగులో, ఉర్దూలో నాలుగు ముక్కలు అచ్చేస్తే డాక్టరు పని తేలికవుతుంది కానీ తగ్గదు.

రిటైరయ్యే ముందు సంవత్సరం నేనొక అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసి కౌంటర్ పక్కన అతికించాను. ఉర్దూలో మా రక్తం తీసే అబ్బాయి రాశాడు. ఓనరు చూసి ఏమీ అనలేదు, తియ్యనూ లేదు. ఇప్పటికీ ఉందని మొన్న వెళ్ళినవాళ్ళు చెప్పారు. అందులో ఉన్నది ఇంతే:

"బిలిరుబిన్ పెరిగిందా? డైరెక్ట్ ఎంతో చూసుకోండి. మూత్రం డికాషన్ రంగులో ఉన్నా, మలం మట్టి రంగులో ఉన్నా, ఒళ్ళు దురద పెడుతున్నా ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జ్వరం, వాంతులు, మత్తు ఉన్నా, గర్భిణి అయినా ఈ రోజే. పుట్టిన బిడ్డ అయితే ఇప్పుడే. ఇవేవీ లేకపోయినా డాక్టరుకి చూపించండి, అప్పటిదాకా అన్నం మానకండి."